ఇంజన్ ఆపినావిడ

ద్రాక్షారామం బస్టాండులో డ్రైవరు ఇంజన్ ఆపకుండానే టీకి దిగిపోయాడు. నేను ఫోన్లో మా ఆఫీసు అకౌంటెంటు మీద విసుక్కుంటున్నాను.

"పనంతా క్లౌడ్‌లోకి మార్చేశాం కదండీ. ఇంకా ఆ పాత సర్వర్లు, వాటికోసం రాత్రీపగలూ ఏసీ ఎందుకండి? కరెంటు పోతే ఆ జనరేటర్ పొగ వీధంతా పీల్చాలా? ఆపితే మళ్ళీ ఆన్ కావేమో అంటారేంటండి, అసలు వాటితో మనకి పనేముంది?"

ముందు సీట్లో కూర్చున్న పెద్దావిడ బస్సు పొగకి దగ్గుతూ నా మాటలు వింటోంది. ఉన్నట్టుండి లేచి వెళ్ళి, తాళం తిప్పి ఇంజన్ ఆపేసింది.

డ్రైవరు వచ్చి తల పట్టుకున్నాడు. "సెల్ఫ్ పనిచెయ్యట్లేదండి, అందుకే ఆపలేదు. ఇప్పుడు తొయ్యాలి."

అందరం తిట్టుకుంటూ దిగాం. ఆవిడ కూడా కొంగు నడుముకి దోపుకుని నా పక్కనే తోసింది. ఇంజన్ అందుకున్నాక చేతులు దులుపుకుంటూ, "ఆపితే ఏమైందండి? తోసుకున్నాం" అంది.

మర్నాడు ఆఫీసులో సర్వర్ల స్విచ్ మీద చెయ్యి వేశాను.

"మళ్ళీ ఆన్ కాకపోతే ఎవరిదయ్యా బాధ్యత?" అన్నారు ఓనరు గారు.

వెనక్కి తిరిగి చూశాను. రోజూ నాతోపాటు ఆ సర్వర్ల మీద విసుక్కునేవాళ్ళే అందరూ. ఒక్కరూ సీట్లోంచి లేవలేదు.