ఐదు తెల్ల కప్పులు, మా అమ్మమ్మ

ఇంగ్లీషు కనిపెట్టినవాళ్ళు మా అమ్మమ్మ దగ్గర ఓ వారం కూర్చుని ఉంటే, తప్పులు దిద్దుకుని వెళ్ళేవారు. బడి గడప తొక్కకుండానే ఆమె ముప్పై ఒక్క ఏళ్ళుగా ఒక ఆఫీసు క్యాంటీన్‌లో డ్రింకుల కౌంటర్ చూసుకుంటోంది. జ్యూస్, స్క్వాష్, షేక్, సోడా, కార్డియల్, అన్నీ ఆమెకు కొట్టిన పిండి. కాకపోతే ఆ మాటలు నేర్చుకున్నది గ్లాసుల్ని బట్టి. వంటవాడు నింపి పంపుతాడు. పొడుగు గ్లాసైతే జ్యూస్, పొట్టిదైతే స్క్వాష్, పిడి ఉంటే షేక్, సన్నదైతే సోడా, కాడ ఉంటే కార్డియల్.

కొత్త సూపర్‌వైజర్ వచ్చి గ్లాసులన్నీ గోనెసంచిలో కట్టించి, ఒకే సైజు కాగితం కప్పులు తెప్పించాడు. మూతలు కూడా తెల్లవే. మొదటి రోజే షేక్ అడిగిన గుమాస్తా సోడా తాగి, పొలమారి, బల్లంతా తడిపాడు. సోమవారం ఐదు కప్పులు పెడతాననీ, వేటి పేరేమిటో చెప్పకపోతే గిన్నెలు తోమే గదికి మారుస్తాననీ సూపర్‌వైజర్ తేల్చేశాడు. ఆ గదిలో స్టూలు మీద కూర్చుని పని. కిటికీ లేదు, పలకరించే దిక్కు లేదు. పదిమందితో మాట్లాడకపోతే అమ్మమ్మకు అన్నం సహించదు.

ఆదివారమంతా కాలుగాలిన పిల్లిలా తిరిగింది. తుడిచిన బల్లే మళ్ళీ తుడిచింది. పొయ్యి మీద పాలు పొంగిపోనిచ్చింది. ఏడో తరగతితోనే బడికి దండం పెట్టిన ఆమె మనవడు, మా తమ్ముడు, పాఠం మొదలుపెట్టాడు. పండు పిండితే జ్యూస్, తియ్యటి పండ్ల పాకంలో నీళ్ళు కలిపితే స్క్వాష్. కార్డియల్ కూడా పాకంలో నీళ్ళు కలిపేదే అన్నాడు.

"ఒకటే అయితే రెండు పేర్లెందుకురా? నీకు చెప్పినాయన కూడా నీలాంటివాడే" అని లేచిపోయింది.

సోమవారం కప్పుల ముందు నిలబడి చేతులు ఏప్రన్‌కు తుడుచుకుంది. "నా గ్లాసులు ఇప్పించండి బాబూ" అంది. సూపర్‌వైజర్ నవ్వుతూనే సంచి తెప్పించాడు. ఆమె ఒక్కో కప్పునూ ఒక్కో గ్లాసులోకి వంచింది, చూడ్డానికి నప్పకపోతే మరో గ్లాసులోకి మార్చింది. నాలుగు పేర్లు సరిగ్గా చెప్పింది. ఐదోది కూడా స్క్వాషే అంది. కాదు, కార్డియల్ అన్నాడాయన. తేడా ఏమిటో చెప్పమంది. ఆయన సీసా తిప్పి చదివాడు, వంటవాణ్ని పిలిచాడు, ఇద్దరూ చెరో గుక్క తాగి చూశారు. ఎవరూ తేల్చలేకపోయారు. చివరికి ఆయన, గ్లాసులు కడిగించి మళ్ళీ పెట్టించుకోమన్నాడు.

సాయంత్రం ఇంట్లో ఆమె గుమ్మానికీ వంటింటికీ మధ్య తిరుగుతూనే ఉంది.

"కౌంటర్ దక్కింది కదే అమ్మమ్మా, ఇకనైనా కుదురుగా కూర్చో" అన్నాడు తమ్ముడు.

"కూర్చోవాలనుంటే గిన్నెల గదికే పోయేదాన్ని. అడ్డు లే."