ముదీర్‌తో షికారు

నా నలభై ఎనిమిదో ఏట జరిగిందిది. మాది కాకినాడ. గల్ఫ్‌లో, జెబెల్ అలీలో ఒక గోదాములో స్టోర్‌కీపర్‌ని. ఆదివారాలు ఏం చేస్తావని మా పఠాన్ ముదీర్, అంటే మేనేజరు, ఒకసారి అడిగితే, వచ్చీరాని హిందీలో "పహాడ్ మే షికార్ జాతా హై సార్" అని గొప్పగా చెప్పాను. ఆయన కళ్లు మెరిశాయి. అక్టోబరులో తనతో కిర్గిజ్‌స్తాన్ కొండల్లో షికారుకు రమ్మన్నాడు.

ఇక ఎండాకాలమంతా వీపున పది కిలోల బియ్యం బస్తాతో మా బిల్డింగు పన్నెండంతస్తులూ ఎక్కి దిగాను.

"షికారుకెళ్లడానికి ఇంత ఆయాసం ఏంటండీ?" అని మా ఆవిడ నవ్వేది.

ప్రయాణానికి వారం ముందు ఇద్దరం రస్ అల్ ఖైమాలో ఒక కొండ ఎక్కి చూసుకున్నాం. పైకి చేరాక ముదీర్ అడిగాడు, "అబ్ తక్ కిత్‌నే మారే?"

ఇప్పటిదాకా ఎన్నింటిని కొట్టావని! హిందీలో షికార్ అంటే వేట అని అప్పుడు వెలిగింది నాకు. ఉద్యోగం పోయినట్టేననుకున్నాను. మా తెలుగులో షికారంటే ఊరికే తిరిగి రావడమేనని చెప్పాను.

ముదీర్ రాతి మీద కూలబడి పగలబడి నవ్వాడు. తనూ ఎన్నడూ తుపాకీ పట్టలేదట, నన్ను నమ్ముకునే బయల్దేరుతున్నాడట!

"ఖలాస్! తేరావాలా షికార్ కరేంగే" అన్నాడు, అయితే ఇక నీ రకం షికారే చేద్దామని.

అలాగే చేసొచ్చాం. నా నడుము నాలుగంగుళాలు తగ్గింది. అక్కడి కొండమేకలు మాత్రం ఒక్కటీ తగ్గలేదు.