తవిటయ్య ఎడమ చెవి

1998. రాయపూర్‌లో మాజీ సైనికుల వ్యవహారాలు చూసే ఆఫీసులో నేను క్లర్కుని. సైన్యం వదిలే ముందు సెలవు మీద ఇంటికొచ్చిన జవాన్లకు కాగితాలు నింపిపెట్టడం నా పని. అందులో ఒక గడి ఉంటుంది. ఉద్యోగంలో తగిలిన దెబ్బలు, వచ్చిన జబ్బులు అక్కడ రాయాలి. రిలీజ్ మెడికల్ బోర్డ్, అంటే చివరి పరీక్ష చేసే సైనిక డాక్టర్లు, అది చూశాకే డిసేబిలిటీ పెన్షన్ సంగతి తేలుస్తారు. అక్కడ ‘నిల్’ అని రాసి బయటికొచ్చేస్తే, తరవాత నెత్తీ నోరూ కొట్టుకున్నా వినే నాథుడుండడు.

ఓ మే మధ్యాహ్నం హవల్దార్ తవిటయ్య వచ్చాడు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన రైల్వే కుటుంబం. ఫిరంగుల దగ్గరే సర్వీసంతా గడిచిందట. ఏం అడిగినా కుడి చెవి నా వైపు తిప్పుతున్నాడు. అనుమానమొచ్చి నా చేతి గడియారం విప్పి ఎడమ చెవికి ఆనించాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"చెవి సంగతి రాద్దాం తవిటయ్యా."

"వద్దు బాబూ! ఉర్లా ఫ్యాక్టరీలో గార్డు నౌకరీ పక్కా అయిపోనాది. సెవుడని కాగితం మీద సూస్తే ఎవులు తీసుకుంతారు? నిల్ రాసీండి."

ఎండకి నాకూ విసుగ్గా ఉంది. మారు మాట్లాడకుండా కలం ఆ గడి మీద పెట్టాను.

తవిటయ్య చటుక్కున ఎడమ చెవి పట్టుకున్నాడు.

"సింహాచలం అంటారేటి బాబూ? నా పేరు తవిటయ్య కదా."

"నేనేమీ అనలేదే!"

"అన్నారు. ఈ సెవిలోనే వినబడ్డాది. ‘పోనీలే సింహాచలం, నిల్ రాసేద్దాం’ అన్నారు. గొంతు మీదే. సింహాచలం ఎవులు బాబూ?"

మూడేళ్ళ కింద సింహాచలం అనే జవాను అదే కుర్చీలో కూర్చున్నాడు. అదే చెవుడు, అదే గార్డు ఉద్యోగం ఆశ. పోనీలే అన్నది నేనే. అప్పుడు గదిలో మేమిద్దరమే ఉన్నాం. ఏడాది తిరక్కుండా సిల్తారాలో ఫ్యాక్టరీ గార్డుగా ఉండగా, వెనక్కొస్తున్న లారీ హారను వినబడక, దాని కిందే పోయాడు. సిగ్గుతో ఈ మాట మా ఆవిడకి కూడా చెప్పలేదు.

తవిటయ్యకి అంతా చెప్పేశాను.

"అయితే రాసీండి బాబూ. నౌకరీ పోతే పోనాది."

ఏ చెవి, ఎన్నాళ్ళ నుంచి, ఫిరంగి మోత వల్లేనని అంతా రాశాను. బోర్డు ఒప్పుకుంది, పెన్షన్ వచ్చింది. ఫ్యాక్టరీ వాళ్ళు కూడా లారీల వైపు పంపకుండా గేటు దగ్గర రిజిస్టరు రాసే పనిచ్చారు. మిఠాయి తెచ్చినప్పుడు చెవి సంగతడిగాను.

"మీ ఆఫీసు మెట్లు దిగిన కాడ్నించి ఏటీ వినబడనేదు బాబూ."

చెవుడున్న చెవిలో హోరు మామూలేనంటారు డాక్టర్లు. సరే. ఆ హోరుకి సింహాచలం పేరెలా తెలిసిందో ఎవరూ చెప్పలేదు.

ఆ తరవాత ఎవరొచ్చినా చెవులు, మోకాళ్ళు, నడుము అన్నీ అడిగి, తిట్టయినా ఒప్పించి రాశాను. ‘పోనీలే’ అన్న మాట మాత్రం మళ్ళీ నా నోట రాలేదు. కూరలో ఉప్పు ఎక్కువైనా అనను. ఎవరి చెవిన పడుతుందోనని భయం.