క్యోటోకి ఏ కార్తెలో వెళ్ళాలి

"ఎప్పట్నుంచో క్యోటో చూడాలని ఉంది. ఏ సీజన్‌లో బాగుంటుందో ఏంటో" అన్నాడు మా అబ్బాయి ఒక ఆదివారం భోజనాల దగ్గర. అది కోడలితో అన్న మాట, నాతో కాదు. అయినా జవాబు నేనే చెప్పాను.

"సీజన్ సంగతి నాకొదిలెయ్యరా!"

వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరైన మనిషిని. ఏ కార్తెలో ఏం విత్తాలి, ఎప్పుడు కోయాలి అని జీవితమంతా రైతులకు చెప్పి జీతం తీసుకున్నాను. అడగని వాళ్ళకు కూడా చెప్పేవాణ్ణని మా ఆవిడ అంటుంది. అక్టోబరులో మేమిద్దరం అరోరాలో మా అబ్బాయి ఇంట్లో దిగాం. వీసా ప్రకారం ఆరు నెలలు ఉండొచ్చు కాబట్టి ఏప్రిల్ మధ్యలో తిరుగు టికెట్. ఇల్లినాయి చలి ముదిరేసరికి నాకు ఇంట్లో చేయడానికి ఏమీ మిగల్లేదు. చెత్త డబ్బా ఏ రోజు బయట పెట్టాలో పెద్ద మనవరాలిని అడగాలి, పొయ్యి ఎలా వెలిగించాలో కోడలిని అడగాలి, టీవీ పెట్టాలంటే అబ్బాయి ఆఫీసు నుంచి రావాలి. అలాంటి రోజుల్లో, ఆ ఇంట్లో నాకు జవాబు తెలిసిన ప్రశ్న మొట్టమొదటిసారి వచ్చింది. ఊరుకుంటానా?

మర్నాడే నడిచి లైబ్రరీకి వెళ్ళాను. అక్కడ కిటికీ పక్కన కుర్చీల్లో నాలాంటి తండ్రులు కొందరు రోజూ చేరేవాళ్ళు. తెలంగాణ వస్తుందా రాదా అని గొంతులు తగ్గించుకుని పోట్లాడుకునే రోజులవి. వాళ్ళలో కరీంనగర్ వైపు నుంచి కూతురి దగ్గరికి వచ్చిన ఒకాయన నాకు దగ్గరయ్యాడు. ఆర్టీసీలో డిపో మేనేజరుగా చేసి వచ్చినవాడు, మితభాషి. ఆయన కూతురూ మా కోడలూ ఒకే ఆఫీసు, ఒకే కారులో వెళ్ళొచ్చేవాళ్ళు. రాష్ట్రం గురించి నాతో వాదించేవాడు గానీ, అన్నా అని తప్ప పిలిచేవాడు కాదు.

క్యోటో మీద ఉన్న బొమ్మల పుస్తకాలన్నీ తీయించి చదివాను. అక్కడ జూన్ అంతా ముసురు. ఆగస్టులో ఉడికిపోతుంది. చూడాల్సినవి రెండే కాలాలు. చెర్రీ చెట్లు మార్చి చివర మొదలుపెట్టి ఏప్రిల్ మొదట్లో నిండుగా పూస్తాయి, అంటే మన రేవతి కార్తె. మేపుల్ ఆకులు నవంబరు రెండో సగంలో ఎర్రబారతాయి, అంటే అనురాధ కార్తె. పిల్లల బడి సెలవులు కూడా రెండుసార్లే కుదురుతాయి. మార్చి ఆఖరు వారంలో స్ప్రింగ్ బ్రేక్, నవంబరులో థాంక్స్‌గివింగ్ వారం.

ఇక్కడే నేను చేసిన పని చెప్పాలి. స్ప్రింగ్ బ్రేక్ అయిపోయి పిల్లలు బడికి తిరిగి వెళ్ళాక గానీ క్యోటోలో పూలు నిండుగా విచ్చుకోవు. థాంక్స్‌గివింగ్ వారం మాత్రం ఎర్ర ఆకులకు అచ్చంగా సరిపోతుంది. చేను చూడటానికి వెళ్ళిన ఏ ఆఫీసరైనా కళ్ళు మూసుకుని నవంబరు అని రాస్తాడు. కానీ నవంబరుకి నేను మా ఊళ్ళో, తెనాలిలో ఉంటాను. అందుకని మార్చి అన్నాను. ముందుగా పూసే రకాలు ఉంటాయన్నాను, ఎండ కాస్త ముందొస్తే పూత కూడా ముందొస్తుందన్నాను. రెండూ అబద్ధాలు కావు. కానీ అదే ధైర్యంతో ఒక రైతుకి విత్తనం వేయమని చెప్పి ఉండేవాణ్ణి కాదు.

వాళ్ళు నన్ను తీసుకెళ్తారా లేదా అన్న అనుమానమే నాకు రాలేదు. మా ఇళ్ళలో సొంతవాళ్ళను పిలవడం ఉండదు. బొట్టు పెట్టి, శుభలేఖ ఇచ్చి పిలిచేది పైవాళ్ళను. మా మేనమామను ఒకసారి ఇంట్లో పెళ్ళికి ఎవరో పొరపాటున మర్యాదగా పిలిస్తే, "నేను పరాయివాణ్ణా, నన్ను పిలుస్తున్నారు?" అని ఆ పెళ్ళికే రాలేదు. అదే రక్తం నాది.

"వాళ్ళు మనల్ని రమ్మన్నారా?" అని మా ఆవిడ ఒక పొద్దున మెల్లగా అడిగింది.

"కన్న కొడుకు బొట్టు పెట్టి పిలవాలా నిన్ను?" అన్నాను. ఆవిడ మళ్ళీ మోకాళ్ళకు నూనె రాసుకోవడం మొదలుపెట్టింది.

ఆ చలికాలమంతా భోజనాల బల్ల దగ్గర నా వాదనలే. మా అబ్బాయి, "స్ప్రింగ్‌లో రష్ ఎక్కువ నాన్నా, నిలబడ్డానికి చోటుండదు" అంటే, తెల్లవారుజామునే వెళ్దామనేవాణ్ణి. "అప్పటికింకా చలిగా ఉంటుందేమో మామయ్యగారూ" అని కోడలంటే, "అరోరా చలి చూసినవాళ్ళకి అదొక చలా అమ్మాయ్?" అని నవ్వేవాణ్ణి. మార్చిలో ఆఫీసులో పనెక్కువని వాడంటే, సెలవుకి ఇప్పుడే అప్లై చేయమనేవాణ్ణి. ప్రతిసారీ వాళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్ళు. నా వాదనకు జవాబు దొరక్క అలా చూసుకుంటున్నారని మురిసిపోయాను. కోడలు నా కంచంలో ఇంకాస్త పప్పు వడ్డించేది, నేను ఇంకాస్త మాట్లాడేవాణ్ణి.

లైబ్రరీలో అయితే చెప్పనే అక్కర్లేదు. ఈసారి ఉగాది పచ్చడి క్యోటోలోనే అని ప్రకటించేశాను. మిగతావాళ్ళు అరోరా దాటి ఎక్కడికీ వెళ్ళడం లేదు కాబట్టి ఆ మాట రోజుకోసారైనా అనేవాణ్ణి. డిపో మేనేజరు మాత్రం మొదట్లో ప్రశ్నలు అడిగేవాడల్లా, రానురాను కిటికీలోంచి మంచు చూస్తూ కూర్చునేవాడు. అసూయ కాబోలు అనుకున్నాను.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం ఆయన నన్ను కాఫీ మిషన్ దగ్గరికి తీసుకెళ్ళాడు. కాఫీ తీసుకోలేదు.

"అన్నా, ఒక మాట చెప్త. తప్పు పట్టుకోకుండ్రి."

"చెప్పండి."

"ఆ జపాన్ ముచ్చట ఇంట్ల ఎక్కువ తియ్యకుండ్రి."

"ఏం? ఎందుకని?"

ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "మా బిడ్డ, మీ కోడలు ఒక్క కార్లనే పోతరు గద. మొన్న మీ కోడలు కార్ల ఏడ్చిందంట. పెండ్లైనప్పటి సంది వాళ్ళకున్న సెలవులన్నీ ఇండియా పోయొచ్చుడుకే అయిపోయినయంట. ఒక్కసారన్న మొగుడు, పెండ్లాం, పిల్లలు, అంతే, యాడికన్న పోవాలని ఆమె ఆశ. మీరేమో దినాం స్ప్రింగ్, స్ప్రింగ్ అంటున్నరు. మిమ్మల్ని ఇంట్ల ఒంటరిగ ఇడిసి పోలేరు. రావద్దని చెప్పలేరు. మీరంటే గౌరవమే అన్నా, అందుకే ఏం చెయ్యాల్నో తోస్తలేదు వాళ్ళకు."

"మీకెప్పటి నుంచి తెలుసు?" అని అడిగాను. ముందు అడగాల్సింది అది కాదు. కానీ నా నోట్లోంచి అదే వచ్చింది.

"క్రిస్మస్ ముంగట్నే" అన్నాడాయన తలవంచుకుని.

అంటే జనవరి అంతా నేను ఉగాది పచ్చడి అంటుంటే ఆయన అన్నీ తెలిసి విన్నాడు. నా చెవులు కాలిపోయాయి. వేపపూత అక్కడ దొరకదేమో, ఇక్కణ్ణుంచే పట్టుకెళ్ళాలా అని ఆయన సలహా కూడా అడిగాను. ఆ మనిషి నాకు సలహా చెప్పాడు కూడాను.

మంచులో నడిచి ఇంటికి వస్తుంటే ఒక్కొక్కటే గుర్తుకొచ్చింది. వాళ్ళు సెలవు పెట్టి వచ్చినప్పుడల్లా, దిగిన రోజు నుంచి ఎక్కే రోజు దాకా మా ఇల్లు, మా బంధువులు, నా పనులు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి వచ్చినప్పుడు మూడు రోజులు ఊటీ వెళ్ళొస్తామని మా అబ్బాయి అడిగాడు. "వచ్చిందే మూడు వారాలు, అందులో ఊటీ ఏంట్రా?" అన్నాను. వాడు సరేనన్నాడు. ఆ పూట కోడలు అన్నం తినలేదని మా ఆవిడ చెబితే, ప్రయాణ బడలిక అన్నాను. కిందటిసారి మేం వచ్చినప్పుడు నయాగరా తీసుకెళ్ళారు. హోటల్ గదిలో నేను పోపు పెట్టించి పొగ అలారం మోగించాను. పరిగెత్తుకొచ్చిన హోటల్ మనిషికి కోడలు చేతులు జోడించి సారీ చెబుతుంటే నేను లోపల చారన్నం తింటున్నాను. ఆ సంగతిని ఇన్నాళ్ళూ అందరికీ తమాషాగా చెప్పుకుని నవ్వాను.

నన్ను తీసుకెళ్ళడం వాళ్ళకు ఇష్టం లేదని కాదు నాకు సిగ్గేసింది. వాళ్ళ కోరిక న్యాయమైనదే. అంత న్యాయమైన మాట నాతో అనడానికి వాళ్ళు నెలల తరబడి భయపడ్డారు, దానికి సిగ్గేసింది. రష్ అనీ, చలి అనీ, ఆఫీసు అనీ పాపం తలుపులు వెతుక్కుంటుంటే, నేను ఒక్కొక్కటీ మూసి గడియ పెడుతూ వచ్చాను. పైగా తెలివైనవాణ్ణని సంబరపడ్డాను.

కొన్నాళ్ళు ముఖం చెల్లక లైబ్రరీకి వెళ్ళలేదు. జలుబన్నాను. మా ఆవిడకు కూడా చెప్పలేదు. ఆవిడ అడగాల్సిన ప్రశ్న ఎప్పుడో అడిగేసింది, నేనే కసిరాను.

ఆ వచ్చిన ఆదివారం అందరం భోజనానికి కూర్చున్నాక గొంతు సవరించుకున్నాను. మా అబ్బాయి భుజాలు బిగుసుకోవడం చూశాను. ఇన్నాళ్ళూ అది నా కంట పడలేదు.

"ఒరే, నేనొక తప్పు లెక్క చెప్పాను. మార్చి ఆఖరుకి అక్కడ పూత నిండుగా ఉండదు. మొగ్గలు చూసి రావాలి. నవంబరే మంచిది. థాంక్స్‌గివింగ్ వారంలో వెళ్ళండి, ఆకు బాగా ఎర్రబడి ఉంటుంది" అన్నాను.

పదేళ్ళ పెద్ద మనవరాలు చెంచా దించి, "బట్ తాతా, నువ్వు స్ప్రింగ్ బెస్ట్ అన్నావ్ కదా! నవంబర్‌లో నువ్వు ఇండియా ఉంటావ్. హౌ విల్ యూ కమ్?" అంది.

కోడలు తలెత్తకుండా పిల్ల కంచంలో ఇంకాస్త పప్పు వడ్డించింది.

"నేనెందుకమ్మా? మీ నానమ్మకి మోకాళ్ళు. నాకా తిండి పడదు. మీరు నలుగురూ వెళ్ళి ఫొటోలు పంపండి, చాలు" అన్నాను. తేలిగ్గా అనాలనుకున్నాను గానీ గొంతు కాస్త పైకి లేచింది. మా ఆవిడ నా వైపు ఒక్క చూపు చూసి, పెరుగు గిన్నె నా వైపు జరిపింది.

"అవును నాన్నా, నవంబరే బెటర్" అన్నాడు మా అబ్బాయి. ఎంత తొందరగా అన్నాడంటే, అనేశాక వాడే గతుక్కుమన్నాడు. "మీరిద్దరూ ఉంటే బాగుండేది గానీ" అని కలిపాడు. "ఆ, ఆ, సరేలే" అన్నాను. వాడు ఆ మాట ఇంకోసారి అనాల్సిన అవసరం రాకూడదని వెంటనే, "ఉదయం పూట వెళ్ళాలి, మంచు ఆరకముందే ఆకు రంగు బాగుంటుంది" అని చెప్పడం మొదలుపెట్టాను.

ఆ తరువాత వాళ్ళను ఆపలేకపోయాం. కోడలు ఏ వీధిలో దిగితే దేనికి దగ్గరో గడగడా చెప్పింది. ఏ తోటకు ఏ రైలో మా అబ్బాయి చెప్పాడు. అన్నీ ఎప్పుడో చూసి పెట్టుకున్నారు. దాచుకున్న సంతోషాన్ని దాచడం మరిచిపోయారు. కోడలు గట్టిగా నవ్వింది. ఆ అమ్మాయికి అంత పెద్ద నవ్వు ఉందని నాకప్పటిదాకా తెలియదు. "మామయ్యగారూ, ఆ వారం మొదట్లో వెళ్తే మంచిదా, చివర్లోనా?" అని ఉత్సాహంగా అడిగింది. నేను రాని ప్రయాణానికి రోజులు కుదిర్చాను. అందరూ నా మాట శ్రద్ధగా విన్నారు. ఏ ఆకు ముందు రాలుతుందో, వానొస్తే ఏమవుతుందో అన్నీ నిజమే చెప్పాను, ఈసారి ఒక్క ముక్క కూడా వంకర లేకుండా. చెబుతున్నంతసేపూ తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

భోజనాలయ్యాక సింకు దగ్గర నా కంచం నేనే కడుగుతున్నాను. మా అబ్బాయి వెనక నుంచి వచ్చి నా భుజాల చుట్టూ చేతులు వేసి గట్టిగా పట్టుకున్నాడు. "థాంక్యూ నాన్నా" అన్నాడు. నా చేతుల నిండా సబ్బు నురుగు. మా ఇంట్లో తండ్రీకొడుకులు అలా పట్టుకునే అలవాటు లేదు. అక్టోబరులో ఎయిర్‌పోర్టులో దిగినప్పుడు కూడా వాడు వంగి నా కాళ్ళకు దణ్ణం పెట్టాడు, అంతే. వాడికి మీసాలొచ్చాక నన్ను కౌగిలించుకోవడం అదే మొదటిసారి, అదీ నేను వాళ్ళతో రానన్నందుకు.