వెయ్యి బుద్ధుల లోయలో ఫ్యాక్టరీ

భార్యకు అబద్ధం చెప్పి దొరికిపోయిన మగవాళ్లు మేముండే ట్రాయ్ ఊళ్లో చాలామందే ఉన్నారు. కొరియన్ భాషలో దొరికిపోయినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. వినండి, మీరైనా బాగుపడతారు.

నేను కార్ల సీట్లు చేసే కంపెనీలో ఇంజినీర్ని. మా ఆవిడ శ్రీలత కొరియన్ సీరియళ్ల భక్తురాలు. కొరియాలోని సొరాక్సాన్ నేషనల్ పార్కులో వెయ్యి బుద్ధుల లోయ అని ఒకటుంది. "అది మనిద్దరం కలిసే చూడాలండీ" అని ఏళ్ల తరబడి అడుగుతోంది. "నువ్వు లేకుండా అటు కన్నెత్తి కూడా చూడను" అని దేవుడి పటం ముందు మాటిచ్చాను.

మూడేళ్ల కిందటి అక్టోబర్లో ఆఫీసు పని మీద నన్నొక్కణ్ణే కొరియా పంపారు. శనివారం తెల్లారగానే అక్కడి మేనేజర్ "లోయకు వెళదామా?" అన్నాడు. నేను కన్ను కాదు, మెడంతా ఎత్తి చూశాను.

ఏం లోయ అది! రెండు పక్కలా బుద్ధులు బారులు తీరినట్టు ఆకాశమంత రాతి శిఖరాలు, కింద పచ్చటి నీళ్లు, చెట్ల నిండా ఎర్రాకులు. సరిగ్గా అప్పుడే శ్రీలత వీడియో కాల్ చేసింది. ట్రాయ్‌లో అది శుక్రవారం రాత్రి. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుందంటారు. నేను ఫోన్‌లో నా వెనక ఫ్యాక్టరీ ఫొటో బ్యాక్‌గ్రౌండ్‌గా పెట్టుకుని కాల్ ఎత్తాను.

"శనివారం కూడా పనేనా, పాపం! అదేంటండీ, మీ ఎడమ చెవి లేదు?"

"నెట్ స్లోగా ఉందిలే."

"ఆ నీళ్ల చప్పుడేంటి?"

"మెషిన్లు కూల్ చేస్తున్నారు."

"పిట్టలు కూడా కూస్తున్నాయి?"

"బేరింగులు అరిగిపోయాయి శ్రీ!"

నా తెలివికి నేనే మురిసిపోతుంటే, తెర మీది మెషిన్లోంచి ఒక చెయ్యి వచ్చింది. అందులో చెక్కు తీసిన కీరా దోసకాయ. వెనకే, దారిలో మాతో మాటలు కలిపిన ఎర్ర టోపీ కొరియన్ పెద్దావిడ. కొండెక్కేవాళ్లు తెచ్చుకున్నది పక్కవాళ్లకీ పెట్టడం అక్కడి మర్యాద. ఆవిడ ఫోన్‌లోకి తొంగిచూసి నవ్వింది. శ్రీలత కొరియన్లో పలకరించింది!

నా పై ప్రాణాలు పైనే పోయాయి. సబ్‌టైటిల్స్ చదువుకుంటోందనుకున్నాను గానీ, ఇన్నేళ్లుగా భాషే నేర్చేసుకుంటోందని నాకేం తెలుసు? పెద్దావిడ ఫోన్ లాక్కుంది. ఇద్దరూ పది నిమిషాలు మాట్లాడుకున్నారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. శ్రీలత మొహం మాత్రం బాగానే అర్థమైంది.

"ఏమండీ, నాకు కొండలంటే పడదా? నాకు మోకాళ్ల నొప్పులా?"

దారిలో ఈ పెద్దావిడే "మీ ఆవిడ రాలేదా?" అని అడిగితే, మేనేజర్ చేత నేను చెప్పించిన కారణాలవి.

"అది కాదు శ్రీ..."

"మీరు మాటిచ్చారు. నేను నమ్మాను."

అప్పుడు మాత్రం నిజంగా సిగ్గుతో చచ్చిపోయాను.

శ్రీలత కళ్లు తుడుచుకుని, "ఆంటీ నన్ను వాళ్లింటికి రమ్మన్నారు. వచ్చే అక్టోబర్‌కి టికెట్ బుక్ చేస్తున్నా" అంది.

"మనిద్దరికీనా?"

"మీరెలా వస్తారండీ? ఆ బేరింగులెవరు మారుస్తారు?"

అన్నట్టే వెళ్లింది. ఏటా వెళుతూనే ఉంది. నన్ను ఎయిర్‌పోర్టు దాకా డ్రైవ్ చెయ్యనిస్తుంది.

అందుకే మీ అందరి సాక్షిగా ఒట్టేస్తున్నాను: ఈ జన్మలో భార్యకు అబద్ధం చెప్పను. తప్పనిసరైతే, ఆవిడకు రాని భాష మాట్లాడే దేశంలోనే చెబుతాను.