మళ్లీ మళ్లీ వెలిగిన లైటు

నేను బొల్లారంలో ఒక మందుల ముడిసరుకు కంపెనీలో ఆపరేటర్ని. వాడేసిన సాల్వెంట్లను, అంటే ఘాటు వాసనతో ఇట్టే అంటుకునే ద్రావకాలను, మరిగించి, శుభ్రం చేసి మళ్లీ వాడకానికి పంపే సెక్షన్ మాది. పెళ్లైన కొత్తలో కోస్తా నుంచి వచ్చి పోతిరెడ్డిపల్లిలో స్థిరపడ్డాం. కంపెనీ బస్సు అంత దూరం రాదు కాబట్టి ఒక పాత పెట్రోలు కారు కొన్నాను. దారిలో చిట్కుల్ దగ్గర మా సెక్షన్ మిత్రుడొకడు ఎక్కుతాడు. అన్నా అని పిలుస్తాడు నన్ను.

ఒక ఎండాకాలం ఉదయం ఇస్నాపూర్ దాటాక స్టీరింగు వెనక పసుపు రంగు ఇంజన్ బొమ్మ వెలిగింది. పటాన్‌చెరులో హైవే పక్క షెడ్డుకి తీసుకెళ్లాను. మెకానిక్ స్కానర్ తగిలించి చూశాడు.

"ఇంజన్‌ల గాలి ఎక్కువైతున్నదని సూపెడుతున్నది సార్. లోపట పెట్రోల్ వాసన గిట్ల వస్తున్నదా?"

"అలాంటిదేం లేదయ్యా," అన్నాను గట్టిగా.

నా మాట నమ్మి సెన్సర్ మార్చాడు. లైటు ఆరింది. వారం తిరక్కుండా మళ్లీ వెలిగింది. ప్లగ్గులు మార్చాడు, ఇంజన్‌లోకి గాలి వెళ్లే దారంతా విప్పి కడిగాడు. ప్రతిసారీ ఆరడం, నేను ఊపిరి పీల్చుకోవడం, మళ్లీ వెలగడం. "ఇగ నాకు సమజైతలేదు సార్, ఇంకెక్కడన్న సూపెట్టుండ్రి," అని చివరికి అతనే చేతులెత్తేశాడు.

మా ఆవిడ ఆ కారెక్కడం తక్కువ. ఒక ఆదివారం సంగారెడ్డిలో గృహప్రవేశానికి బయల్దేరాం. తలుపు తీసిందో లేదో, పైటకొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"అబ్బా, ఏంటండీ ఈ పెట్రోలు కంపు!"

"కంపా? ఏదీ?"

తను నావైపు చూసింది. నేను సీట్ల మధ్యకు వంగి గట్టిగా పీల్చాను. ఏమీ లేదు. వేడెక్కిన గాలి, అంతే.

గృహప్రవేశానికి వెళ్లలేదు. తను నన్ను వంటింట్లో స్టూలు మీద కూర్చోబెట్టి కళ్లు మూసుకోమంది. ముక్కు దగ్గర ఏదో పెట్టింది.

"ఇదేంటి?"

"కాఫీ పొడి," అన్నాను ఊహించి. కళ్లు తెరిస్తే ఇంగువ డబ్బా. తను దాని మూత పెట్టి అలమరలో పెట్టేసింది. కూరల్లో రుచి తగ్గిందని కొన్నాళ్లుగా నేను విసుక్కుంటున్నది తన చేతివంట మీదే.

మర్నాడు మళ్లీ షెడ్డుకి వెళ్లాను. వాసన వస్తోందట అని చెప్పగానే మెకానిక్ వెనక సీటు లేపాడు. ట్యాంకు మీద నుంచి ఇంజన్‌కి ఆవిరి తీసుకెళ్లే రబ్బరు పైపు నిలువునా పగిలి ఉంది.

"మొదలే అడిగిన గద సార్? డోర్ తీస్తెనే గుప్పుమంటున్నది. మీకెట్ల తెల్వలే?"

పైపు మార్చాడు. ఆ తర్వాత లైటు వెలగలేదు. సంగారెడ్డిలో ముక్కు చూపించుకుంటే డాక్టరు మొదట నా పనేమిటో అడిగాడు. సాల్వెంట్ల ఆవిరి ఏళ్ల తరబడి పీల్చడం వల్లే ఇలా అయిందని, వాసన మళ్లీ తెలుస్తుందని ఆశ పెట్టుకోవద్దని అన్నాడు.

కారులో మిత్రుడికి ఇదంతా చెప్పాను. అప్పుడు తట్టింది నాకు: రోజూ నా పక్కన కూర్చునే వాడు కూడా పెట్రోలు వాసన గురించి ఎప్పుడూ ఏమీ అనలేదు.

"నాకెప్పుడో పోయిందన్నా," అన్నాడు, కిటికీలోంచి బయటికి చూస్తూ.

"మరి చెప్పలేదేంరా?"

"ఎవరికి చెప్పాలె? చెప్తే గేటు కాడనే ఆపుతరు. నువ్వున్నవ్ గద అనుకున్న. లీకైతే నువ్వు పసిగడ్తవని ధైర్యంగున్న."

డాక్టరు మాట విన్నాక నేను వాడి మీద పెట్టుకున్న ధైర్యమూ అదే. సెక్షన్‌లో మా షిఫ్టుకి ఉండేది మేమిద్దరమే. గోడకున్న గ్యాస్ అలారం చెడిపోయి చాలాకాలమైంది. బాగు చేయిస్తామంటూనే ఉన్నారు.

సూపర్‌వైజర్‌కి చెబుదామా అన్నాను. "చెప్పు. రేపటి సంది ఇద్దరం ఇంట్ల కూసుందాం," అన్నాడు. యాభై దాటిన మమ్మల్ని మరో కంపెనీ గేటు లోపలికి రానివ్వదు. పటాన్‌చెరు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఇద్దరం ఎర్ర లైటునే చూస్తూ కూర్చున్నాం. అది పచ్చగా మారాక వెనకవాళ్లు హారన్ కొడితేగాని నేను కదల్లేదు.

ఎవరికీ చెప్పలేదు. ఇప్పటికీ డ్యూటీకి వెళ్తున్నాం. ఒకరి తర్వాత ఒకరం పైపు జాయింట్ల కింద వేళ్లు పెట్టి తడి ఉందేమోనని చూసుకుంటూ తిరుగుతున్నాం. ఆవిరి చేతికి తగలదని ఇద్దరికీ తెలుసు.