దేవుడి గూట్లో థర్మోస్టాట్

మా షామ్‌బర్గ్ ఇంట్లో వేడిని అదుపుచేసే థర్మోస్టాట్ మార్చింది నేనే. ఆ ఘనకార్యం గురించి నేను చెప్పగా చాలామంది విన్నారు. గోడలోంచి వైర్లు కొండచిలువల్లా వచ్చి పడ్డాయనీ, ప్రాణాలకు తెగించి ఒక్కొక్కదాన్నీ వేరుచేశాననీ. ఉన్నవి రెండే వైర్లు. ఇల్లు వేడిచేసే ఫర్నేస్ స్విచ్ ఆపడం మరిచిపోయి, ఏదో చిటుక్కుమన్నాక ఆపాను. తెగింపు అంతవరకే.

పాతది హాల్లో గోడకుండేది. చలేస్తే పడగ్గదిలోంచి లేచి వెళ్లి తిప్పాలి. నా మోకాళ్లకు అది పెద్ద ప్రయాణం. కొత్తదానికి ఆ బాధ లేదు. బేస్‌మెంట్‌లో ఫర్నేస్ పక్కన ఒక పెట్టె బిగిస్తాం. అరచేతిలో పట్టే రెండోది మనం ఎక్కడ పెట్టుకుంటే అక్కడి చలీ వేడీ చూసి, వైరు లేకుండానే కింది పెట్టెకు కబురంపుతుంది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

అప్పుడు మా ఆవిడ అల్ఫారెట్టాలో అమ్మాయి దగ్గరుంది. వెళ్తూ నాకు అప్పజెప్పింది ఒక్క కరివేపాకు చెట్టునే. అమ్మాయి బడికెళ్లే రోజుల్లో ఆవిడ స్నేహితురాలు కాగితం గ్లాసులో పెట్టి ఇచ్చిన మొలక అది. వేసవిలో ఇంటి వెనక చెక్క డెక్ మీద, చలికాలం హాల్లో కిటికీ పక్కన ఉంటూ నా భుజం దాటి పెరిగింది. ఇండియన్ స్టోర్లో ప్లాస్టిక్ సంచిలో దొరికేది ఆవిడ దృష్టిలో కరివేపాకే కాదు. చలికాలం మా తలుపు తట్టేవాళ్లలో సగంమంది రెండు రెబ్బల కోసం వచ్చేవాళ్లే. వచ్చినవాళ్లు కాఫీ తాగకుండా వెళ్లేవాళ్లు కాదు.

"ఏమండీ, నీళ్లు కొంచెమే పొయ్యండి. హీటింగ్ మాత్రం తగ్గించకండి. మీ పొదుపు నా చెట్టు మీద చూపించకండి," అంది ఫోన్లో.

"కుర్చీ వేసుకుని కాపలా కాస్తున్నానే! మహారాజులకి కూడా ఇంత కాపలా ఉండదు."

"ఆ కుర్చీలో నిద్రపోకండి, చాలు."

ఇంటికి ఏ కొత్త వస్తువొచ్చినా దేవుడి దగ్గరుంచి బొట్టు పెట్టడం మాకు అలవాటు. కారు కొన్నప్పుడు కారు పట్టదు కాబట్టి తాళాలు పెట్టాం. మా దేవుడి గది అంటే హాలు చివర కోట్లు తగిలించుకునే క్లోజెట్. అందులో పటాలు, పైన ఎప్పుడూ వెలిగే పాతకాలపు బల్బు. థర్మోస్టాట్‌కి కుంకుమ బొట్టు పెట్టి, ఫారెన్‌హీట్‌లో అరవై ఎనిమిది మీద ఉంచి, పటాల ముందు నిలబెట్టి దణ్ణం పెట్టుకున్నాను. తలుపు మూశానో లేదో ఫోన్ మోగింది. పేకాట మిత్రుడు.

"గురూ, ముగ్గురమే ఉన్నాం. స్నో మొదలవకముందే డ్రైవ్ చేసుకుని వచ్చెయ్."

వెళ్లాను. మంచుకు రోడ్లన్నీ మూసుకుపోయి, ఆ వారాంతమంతా అక్కడే చిక్కుకుపోయానని అందరికీ చెప్పాను. రోడ్లు త్వరగానే తెరిచారు. ఇంకొక్క ఆట అంటూ కూర్చున్నది నేనే.

తిరిగొచ్చి తలుపు తీస్తే ఇల్లు ఫ్రిజ్‌లా ఉంది. నోట్లోంచి పొగ వస్తోంది. ఫర్నేస్ చప్పుడు లేదు. థర్మోస్టాట్ ఎక్కడ పెట్టానో గుర్తొచ్చి క్లోజెట్ తలుపు తీసేసరికి వెచ్చటి గాలి మొహానికి కొట్టింది. డెబ్భై ఆరు! ఇంట్లో దేవుళ్లు మాత్రం హాయిగా ఉన్నారు. ఆ బల్బు వేడికి, ఇల్లంతా వెచ్చగానే ఉందని అది కింది పెట్టెకు కబురు పంపుతూనే ఉంది. దాని తప్పేం లేదు.

చెట్టు కిటికీ అద్దానికి ఆనుకుని ఉంది. ఆకులు నల్లబడి, ఉడికించినట్టు వేలాడుతున్నాయి. వేలు తగిలితే రాలిపోయాయి.

"కరెంటు పోయిందే," అన్నాను ఆవిడతో ఫోన్లో. "ఊరంతా చీకటి. నా కోటు తీసి చెట్టుకి కప్పి, నేను తెల్లార్లూ వణుకుతూ కూర్చున్నాను."

"మీకేం కాలేదు కదా?" అంది.

ఆవిడ వచ్చింది. మైక్రోవేవ్ గడియారం వైపు చూసింది. కరెంటు పోయి వస్తే అందులో సున్నాలు మిణుకుమంటుంటాయి. సరిచేయడం నాకు ఈ జన్మలో రాదని ఆవిడకు తెలుసు. అది సరైన టైమే చూపిస్తోంది. థర్మోస్టాట్ చేతిలోకి తీసుకుని దాని మీది బొట్టు చూసింది. క్లోజెట్ వైపు చూసింది. చెట్టు దగ్గరికి వెళ్లి కాండాన్ని గోటితో గీరింది. లోపల పచ్చగా లేదు, గోధుమరంగు. ఇంకా కిందకి గీరింది. అక్కడా అంతే.

ఆ సాయంత్రమే పక్క వీధి అమ్మాయి వచ్చింది.

"ఆంటీ, రెండు రెబ్బలు ఇస్తారా? మా అత్తయ్యగారు ఈరోజే ల్యాండ్ అవుతున్నారు, పులిహోర చేద్దామని... ఓ నో! ఏమైంది ఆంటీ దీనికి?"

"కరెంటు పోయిందమ్మా. అంకుల్ పాపం కోటు కూడా కప్పారు."

నేను కోసిన కోతలన్నిటినీ నలుగురిలో తుంచిపారేసే మనిషి. ఆ రోజు నా కోత తనే మోసింది. ఎగతాళి చేసినా బాగుండేది.

"కరెంటు పోలేదమ్మా," అన్నాను. "థర్మోస్టాట్‌ని దేవుళ్లతోపాటు క్లోజెట్లో పెట్టి పేకాటకి పోయాను. కోటు నా ఒంటి మీదే ఉంది."

ఆ అమ్మాయి నవ్వేసింది. "అంకుల్, మీరెప్పుడూ జోకులే!"

"జోకు కాదులే. కూర్చోమ్మా, కాఫీ పెడతాను," అంది మా ఆవిడ.

"ఇంకోసారి ఆంటీ. స్టోర్ క్లోజ్ చేసేలోపు వెళ్లి కరివేపాకు తెచ్చుకోవాలి."

తలుపు మూసి వచ్చాక అంది: "మోకాళ్లు నొప్పంటే నేనే లేచి తిప్పేదాన్ని కదండీ."

తర్వాత థర్మోస్టాట్‌ని తీసుకెళ్లి కిటికీ గట్టు మీద, కుండీ పక్కన పెట్టింది. "ఇది ఇక్కడే ఉంటుంది."

ఇప్పుడు చలేస్తే పడగ్గదిలోంచి లేచి, హాలు దాటి, కిటికీ దాకా వెళుతున్నాను. పాతదే దగ్గర. వెళ్లినప్పుడల్లా వంగి, చెట్టు మొదలు దగ్గర చిగురేమైనా వచ్చిందేమోనని చూస్తాను. నా నడక విని ఆవిడ వంటింట్లోంచి అడుగుతుంది.

"వచ్చిందా?"

వచ్చినట్టే ఉంది అనడం నాకెంతసేపు?

"లేదే," అంటాను.